రెండు వేల రూపాయల్లో బడికి పార్ట్‌టైమ్ టీచర్ని వెతుక్కోవడం ఎలా: ప్రకటన రాయడం నుంచి చేర్చుకునేదాకా

చిన్న ప్రైవేటు బడి నడిపేవాళ్ల కోసం, అందులో ఆఫీసు పనులు చూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక చిన్న బడిలో తొమ్మిదేళ్లుగా ఆఫీసు చూస్తున్నాను. మాకు ఏటా ఒకరో ఇద్దరో పార్ట్‌టైమ్ వాళ్లు కావాల్సి వస్తుంది. ఒక ఏడాది హిందీకి, ఒక ఏడాది డ్రాయింగుకి, సంక్రాంతి అయ్యాక పదో తరగతి సాయంత్రం స్టడీ అవర్లకి. ప్రకటన ఖర్చుకి మా కరస్పాండెంట్ గారు, అంటే బడి యాజమాన్యం తరఫున అన్నీ చూసేవారు, ఇచ్చేది రెండు వేలు, అంతకు మించి ఇవ్వరు, ఇవ్వలేరు కూడా.

మొదటిసారి ఆ డబ్బంతా ఒక పేపరు ప్రకటనలో పెట్టేశాను. ఆదివారం పొద్దున్నించీ ఫోన్ మోగుతూనే ఉంది, నలభై మందికి పైనే చేశారు, చాలా సంతోషపడ్డాను, తీరా ఎక్కడుంటారని అడిగితే ఒకరు మచిలీపట్నం, ఒకరు నూజివీడు, ఒకరు తెనాలి. చివరికి పోరంకి నుంచి వచ్చే ఒకావిడని తీసుకున్నాం. బాగా చెప్పేవారు. కాని రోజుకి మూడు పీరియడ్ల కోసం రెండు ఆటోలు మారి రావాలి, జీతంలో పెద్ద భాగం ఛార్జీలకే పోయేది, మూడు వారాలకి మానేశారు. ఆవిడ తప్పేమీ లేదు. పూర్తి ఉద్యోగానికైతే జనం ఎంత దూరమైనా వస్తారు, మూడు గంటల పనికి రారు, రాకూడదు కూడా. నా ప్రకటన ఊళ్లో అందరికీ వినిపించింది, మా బడి పక్క వీధిలో బి.ఎడ్ చేసి ఇంట్లో ఉన్న అమ్మాయికి మాత్రం వినిపించలేదు.

అప్పటి నుంచి నేను పట్టుకున్న లెక్క ఒకటే. బడి చుట్టూ మూడు నాలుగు కిలోమీటర్లు. మాకైతే ముత్యాలంపాడు, గాంధీనగర్, దుర్గాపురం, మధురానగర్, మాచవరం, ఫ్లైఓవర్ దాటితే సింగ్‌నగర్. మీది గుంటూరు బ్రాడీపేట అయితే అరండల్‌పేట, లక్ష్మీపురం, కొరిటెపాడు, కొత్తపేట అనుకోండి. ఇక్కడ ఉన్నవాళ్ల చెవిన పడితే చాలు. దానికి రెండు వేలు సరిపోతాయి, కొన్నిసార్లు మిగులుతాయి కూడా.

మొదటి పని: ఏం పని, ఎన్ని గంటలు, ఎంత జీతం, కాగితం మీద తేల్చుకోండి

ప్రకటన రాయడానికి కూర్చునే ముందు కరస్పాండెంట్‌తో, హెడ్మాస్టరుతో కూర్చుని ఇది తేల్చాలి. "చూద్దాం, ఎవరొస్తారో చూసి మాట్లాడదాం" అంటే ఒప్పుకోవద్దు. ఎవరొచ్చినా మొదట అడిగేది ఇదే కాబట్టి మీ దగ్గర జవాబు ఉండాలి.

టైంటేబుల్ దగ్గర పెట్టుకుని ఆ సబ్జెక్టు పీరియడ్లన్నీ ఒక పక్కకి తీసుకురండి. ఇది చాలా ముఖ్యం. పొద్దున రెండో పీరియడు, మళ్లీ మధ్యాహ్నం ఆరో పీరియడు ఉంటే ఆ మనిషి రోజంతా బడిలోనే ఉండిపోవాలి, ఇచ్చేది మాత్రం రెండు పీరియడ్ల జీతం. అలాంటి పార్ట్‌టైమ్‌లో ఎవరూ నిలబడరు. మిగతా టీచర్లు కాస్త సణిగినా సరే, టైంటేబుల్ మార్చి మూడు పీరియడ్లూ వరసగా పెట్టించండి. ఉదయం 9.15 నుంచి 12 లోపు అయిపోయేలా పెడితే, పిల్లల్ని బడికి పంపించి వచ్చి మళ్లీ వాళ్లు ఇంటికొచ్చేలోపు వెళ్లిపోగలిగే తల్లులు దొరుకుతారు. పార్ట్‌టైమ్‌కి అంతకంటే నిలకడైనవాళ్లు నాకు ఇంతవరకు కనపడలేదు.

జీతం సంగతి. ఉదాహరణకి పీరియడ్‌కి 150 అనుకున్నారు, రోజుకి మూడు, నెలకి సుమారు 22 రోజులు, అంటే 66 పీరియడ్లు, 9,900 అవుతుంది. వినడానికి బాగుంది, కాని దసరా సెలవుల నెలలో, సంక్రాంతి నెలలో పీరియడ్ల లెక్క వేస్తే చాలా తగ్గిపోతుంది, పండగ ముందు చేతిలో సగం జీతం పెడితే ఎవరికైనా మనసు విరిగిపోతుంది. దానికంటే నెలకి 9,000 ఖాయం, సెలవులున్నా ఇస్తాం అనడం మేలు. మీకు ఏడాది మీద పెద్ద తేడా రాదు, అవతలి మనిషికి మాత్రం ఇల్లు నడుపుకునే లెక్క దొరుకుతుంది.

పీరియడ్లు కాక మిగతా పని కూడా చూడండి. క్లాసుకి 35 మంది పిల్లలు, ఒక్కో నోటుబుక్కు దిద్దడానికి మూడు నిమిషాలు, మూడు క్లాసులకి కలిపి ఐదు గంటల పైనే. వారానికి ఒకసారి దిద్దినా అది ఆ మనిషి ఇంట్లో కూర్చుని చేసే పని. పేరెంట్స్ మీటింగుకి రావాలా, పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్ ఉందా, ఆగస్టు 15కి రావాలా, అన్నీ ముందే రాసిపెట్టుకోండి. చేరాక ఒక్కొక్కటీ చెబితే మోసం చేశారనుకుంటారు, అనుకోవడంలో తప్పు లేదు.

అర్హత విషయంలో "పార్ట్‌టైమే కదా" అని వదిలేయకండి. విద్యాహక్కు చట్టం 2009, దాని కింద ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 1 నుంచి 8 తరగతులకు పాఠాలు చెప్పేవాళ్లకు నిర్దేశించిన ట్రైనింగు, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) ఉండాలి. 1 నుంచి 5కి డి.ఎడ్, 6 నుంచి 8కి డిగ్రీతో పాటు బి.ఎడ్ అని స్థూలంగా గుర్తుపెట్టుకోండి. ఇంకో మాట, అదే చట్టంలోని 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటుగా ట్యూషన్లు, పాఠాలు చెప్పకూడదంటుంది. కాబట్టి పక్క వీధి ప్రభుత్వ బడి మాస్టారిని సాయంత్రం స్టడీ అవర్‌కి రమ్మని అడగకండి, ఆయన్ని ఇబ్బందిలో పెట్టినవాళ్లవుతారు.

రెండో పని: ఎవరు రాగలరో ఊహించుకోండి

పిల్లలు కాస్త పెద్దయిన తల్లుల గురించి చెప్పాను. వాళ్లు కాక రిటైరైన మాస్టార్లు ఉన్నారు. జీతం కంటే గౌరవం చూస్తారు, ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం రాలేరు. పీజీ, బి.ఎడ్ చదివే పిల్లలు సాయంత్రం స్టడీ అవర్లకి బాగా సరిపోతారు, విజయవాడలో లయోలా, మారిస్ స్టెల్లా, ఎస్.ఆర్.ఆర్, గుంటూరులో ఏసీ కాలేజీ, హిందూ కాలేజీ, జేకేసీ, రెండు ఊళ్ల మధ్య నాగార్జున యూనివర్సిటీ, ఇంతమంది మన చుట్టూ ఉన్నారు. కాని వాళ్ల పరీక్షలూ మన పరీక్షలూ ఒకేసారి వస్తాయేమో ముందే అడగాలి.

ఇక డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్షకి, చదువుకునేవాళ్లు. సబ్జెక్టు మీద మంచి పట్టు ఉంటుంది, చెప్పడం కూడా బాగుంటుంది. కాని నోటిఫికేషన్ వచ్చిందంటే పుస్తకాలు సర్దుకుని అవనిగడ్డ కోచింగుకి వెళ్లిపోతారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డప్పుడు చిన్న బడులకి ఈ ఇబ్బంది బాగా తెలిసొచ్చింది. అలాగని వాళ్లని తీసుకోవద్దనను, ఆ ఉద్యోగం వాళ్ల జీవితం. "నోటిఫికేషన్ వస్తే నెల ముందు చెప్పండి, మేమూ ఏర్పాటు చేసుకుంటాం" అని మొదటి రోజే మొహమాటం లేకుండా మాట్లాడుకుంటే చాలు, నిజంగానే చెబుతారు.

హిందీ, డ్రాయింగు, డాన్సు, ఆటలకి దారి వేరు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ల ప్రాథమిక నుంచి ప్రవీణ వరకు పరీక్షలకి పిల్లల్ని తయారుచేసే హిందీ మాస్టార్లు దాదాపు ప్రతి పేటలో ఉంటారు, వాళ్ల దగ్గర చదువుకుని ప్రవీణ పాసై, ట్రైనింగు కూడా అయినవాళ్లెవరో వాళ్లకే తెలుస్తుంది. ప్రకటన తీసుకుని ముందు ఆ ఇంటికి వెళ్లండి. మాకు ఇప్పుడున్న హిందీ మేడం అలాగే దొరికారు, పైసా ఖర్చు కాలేదు. సంగీతానికైతే విజయవాడ ఘంటసాల సంగీత కళాశాల ఉంది. పీఈటీ, అంటే ఆటల మాస్టారు, కావాలంటే నాగార్జున యూనివర్సిటీలో ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ ఉంది.

మూడో పని: ప్రకటన రాయడం

మా బడి పాత ప్రకటన ఇలా ఉండేది: "ప్రముఖ పాఠశాలకు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు కావలెను. ఆకర్షణీయమైన జీతం." ఇందులో చదివేవాళ్లకి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఏ పేటో తెలియదు, ఎన్నింటికి వెళ్లాలో తెలియదు, ఆకర్షణీయం అంటే ఎంతో తెలియదు. ఇప్పుడు ఇలా రాస్తున్నాం:

"హిందీ టీచర్ కావలెను, పార్ట్‌టైమ్.
సత్యనారాయణపురం, బీఆర్టీఎస్ రోడ్డుకి రెండు నిమిషాల నడక.
6, 7, 8 తరగతులు, రోజుకి 3 పీరియడ్లు.
సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 9.15 నుంచి 12 వరకు.
జీతం నెలకు 9,000. దసరా, సంక్రాంతి సెలవులకూ జీతం ఉంది.
హిందీ పండిట్ ట్రైనింగు లేదా బి.ఎడ్, టెట్ ఉండాలి. అనుభవం లేకపోయినా పర్వాలేదు.
దరఖాస్తుకి ఏ ఫీజూ లేదు.
సాయంత్రం 4 నుంచి 6 లోపు ఫోన్ చేయండి, లేదా వాట్సాప్ చేయండి.
జూన్ 20 వరకు."

కింద బడి పేరు, నంబరు. అంతే.

జీతం రాయాలా వద్దా అని ప్రతిసారీ చర్చ వస్తుంది. రాయండి. మా కరస్పాండెంట్ గారు "పక్క బడివాళ్లకి తెలిసిపోతుంది" అని చాలాకాలం ఒప్పుకోలేదు. రాసిన మొదటి ఏడాది ఫోన్లు సగానికి తగ్గాయి, వచ్చినవాళ్లలో మాత్రం జీతం దగ్గర తెగిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. తొమ్మిది వేలు చాలనివాళ్లు ఫోనే చేయలేదు, వాళ్ల సమయమూ మిగిలింది, నాదీ మిగిలింది.

"ఏ ఫీజూ లేదు" అన్న మాట వదలకండి. ఉద్యోగమిస్తామని రిజిస్ట్రేషన్ పేరుతో డబ్బు గుంజేవాళ్లు ఎక్కువయ్యారు, చదివేవాళ్లు భయపడుతున్నారు. చివరి తేదీ కూడా ఉండాలి, లేకపోతే వాట్సాప్‌లో తిరిగి తిరిగి మీ మెసేజ్ మళ్లీ సంక్రాంతికి ఎవరికో చేరుతుంది, పాపం వాళ్లు ఆశగా ఫోన్ చేస్తారు. "వయసు 30 లోపు", "పెళ్లికానివారు" లాంటివి మాత్రం దయచేసి రాయకండి. పాఠం చెప్పడానికి వాటితో పని లేదు, పైగా పార్ట్‌టైమ్‌కి నిలబడేది ఎక్కువగా పెళ్లయి పిల్లలున్నవాళ్లే.

గుర్తు చెప్పేటప్పుడు ఆటోవాళ్లు అరిచే పేరు వాడండి. డోర్ నంబరు కంటే సెంటర్ పేరు మేలు. గుంటూరువాళ్లకి ఈ విషయంలో సుఖం, బ్రాడీపేటలో ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డో చెబితే చాలు.

సొంత నంబరు ఇవ్వకండి, ముఖ్యంగా ఆడవాళ్లు. అడ్డమైనవాళ్లు రాత్రిపూట చేస్తారు, నేను పడ్డాను. బడి నంబరు మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, ఉచితం, ఎవరైనా మెసేజ్ చేయగానే "మీ పేరు, ఉండే చోటు, అర్హత పంపండి, సాయంత్రం మాట్లాడతాం" అని దానంతట అదే జవాబు వెళ్లేలా పెట్టుకోవచ్చు.

నాలుగో పని: ముందు డబ్బు ఖర్చు కాని చోట్లు

మొట్టమొదట మీ టీచర్లకి చెప్పండి. ప్రతి టీచరుకీ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న స్నేహితురాలు ఒకరుంటారు. తర్వాత తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులు. ఇక్కడ ప్రకటనని రంగురంగుల బొమ్మగా చేసి పెట్టకండి, మామూలు టెక్స్టుగా పెట్టండి. నంబరు నొక్కితే ఫోన్ కలుస్తుంది, వెతికితే దొరుకుతుంది, పెద్దవాళ్లు కూడా సులువుగా ఇంకొకరికి పంపిస్తారు. దాని కింద ఒక వాక్యం: "మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా పెట్టగలరా?" ఈ వాక్యం రాసిన ఏడాదే మాకు ఎక్కువ దరఖాస్తులు వచ్చాయి. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోకి మనల్ని బయటివాళ్లుగా రానివ్వరు, అక్కడే ఉండే తల్లి ఒకరు పెడితే అందరూ చదువుతారు.

ఏ4 కాగితం మీద పెద్ద అక్షరాలతో అదే ప్రకటన ప్రింటు తీసి, బడి గేటుకి ఒకటి, తర్వాత వీధి చివర పాల బూత్, జిరాక్సు షాపు, ఆడవాళ్ల టైలరు, రామాలయం నోటీసు బోర్డు, మందుల షాపు. ప్రతిచోటా అడిగి అతికించండి. టైలరు దగ్గర ఆడవాళ్లు పది నిమిషాలు నిలబడతారు, చదువుతారు, ఆ టైలరమ్మ కూడా నోటితో చెబుతుంది, నాలుగు ఫ్లెక్సీలు చేయలేని పని అది. కరెంటు స్తంభాలకీ, ఎవరి గోడలకో మాత్రం అంటించొద్దు. గోడలు పాడుచేయడం మీద 1997 నుంచి మన రాష్ట్రంలో చట్టమే ఉంది, పైగా బడివాళ్లమే ఆ పని చేస్తే పిల్లలకేం చెబుతాం.

కేంద్ర కార్మిక శాఖ నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 నుంచి ఉంది, అందులో కూడా ఉచితంగా పెట్టొచ్చు. ఒకసారి నమోదు చేసుకుంటే ఏటా పనికొస్తుంది.

ఈ పనులన్నీ చేసి వారం ఆగండి. సగం సార్లు ఇక్కడే పని అయిపోతుంది.

ఐదో పని: అప్పుడు డబ్బు తీయండి

పోయిన జూన్‌లో నా ఖర్చు చెబుతాను. 150 జిరాక్సులు రెండేసి రూపాయల చొప్పున 300. గవర్నర్‌పేట ప్రెస్సులో 500 చిన్న పాంప్లెట్లు, ఒకే రంగు, 600. వాటిని పేపర్లలో పెట్టినందుకు ఏజెంటుకి 250. ఫేస్‌బుక్ ప్రకటన నాలుగు రోజులు, రోజుకి 150, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 708. అంతా కలిపి 1,858.

పాంప్లెట్లు ఊరంతా పంచితే దండగ. పేపరు ఏజెంటుని పొద్దున్నే కలిసి "ఈ నాలుగు వీధులకే" అని అడగండి, ఏ ఇంట్లో టీచర్లున్నారో కూడా చెప్పగలిగేవాళ్లున్నారు. ఆదివారం వేయించండి. పండగ ముందు రోజుల్లో వద్దు, బట్టల షాపుల కాగితాల మధ్య మనది కలిసిపోతుంది.

ఫేస్‌బుక్‌లో ఒక్కటే జాగ్రత్త. "విజయవాడ" అని ఊరి పేరు ఎంచుకోకుండా, మ్యాపులో బడి మీద గుర్తు పెట్టి చుట్టూ నాలుగు కిలోమీటర్లకి పరిమితం చేయండి. బొమ్మగా బడి గేటు ఫొటో పెట్టండి, దారిన పోయేవాళ్లు గుర్తుపడతారు. పిల్లల ముఖాలు పెట్టకండి.

పేపరు క్లాసిఫైడ్ ఎప్పుడంటే, రిటైరైన మాస్టారు కావాల్సినప్పుడు. వాళ్లు పేపరు మొత్తం చదువుతారు. లైనుకి ఎంతో అడిగి, జిల్లా ఎడిషన్‌కి మాత్రమే ఇచ్చి, "ప్రముఖ", "సువర్ణావకాశం" లాంటి మాటలు తీసేసి పేట పేరు, సమయం, జీతం, నంబరు ఉంచండి.

సమయం గురించి ఒక మాట. బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు కాబట్టి అందరూ జూన్ మొదటివారంలో పరుగెడతారు, మీరు మే మధ్యలో మొదలుపెట్టండి. సంక్రాంతి తర్వాత స్టడీ అవర్లకైతే డిసెంబరులోనే. ఇంటర్వ్యూలు శ్రావణ శుక్రవారం పెట్టకండి, ఆడవాళ్లు రాలేరు.

ఆరో పని: ఫోన్లు, డెమో

ఒక నోటుబుక్కు తీసి గళ్లు గీయండి. తేదీ, పేరు, ఉండే చోటు, అర్హత, "మా గురించి ఎలా తెలిసింది". ఈ చివరి గడి ప్రతి ఒక్కరినీ అడిగి నింపండి, వచ్చే ఏడాది డబ్బు ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది. మాకు ఆ గడి చూశాకే తెలిసింది, పోయినసారి వచ్చిన 17 మందిలో 9 మంది వాట్సాప్ ద్వారా, నలుగురు పాంప్లెట్ చూసి, ఇద్దరు టైలరు షాపు దగ్గర చూసి, ఫేస్‌బుక్ నుంచి వచ్చింది ఇద్దరే.

ఫోనులో మూడు మాటలు అడగండి. ఎక్కడి నుంచి, ఎలా వస్తారు? ఈ సమయం మీకు ఏడాదంతా కుదురుతుందా? ఈ జీతం సమ్మతమేనా? మూడూ కుదిరితేనే డెమోకి పిలవండి. డెమో పదిహేను ఇరవై నిమిషాలు చాలు, నిజమైన క్లాసులో, నిజమైన పిల్లలతో. రోజుల తరబడి "డెమో" పేరుతో ఉచితంగా పాఠాలు చెప్పించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది అన్యాయం.

పిల్లల దగ్గర పనిచేసేవాళ్లు కాబట్టి పార్ట్‌టైమైనా సరే, అంతకుముందు పనిచేసిన బడికి ఫోన్ చేసి కనుక్కోండి, పోలీసు వెరిఫికేషన్ చేయించండి. సర్టిఫికెట్లు ఒరిజినల్స్ చూసి, జిరాక్సులు ఉంచుకుని, ఒరిజినల్స్ అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేయండి. మానేస్తారేమో అన్న భయంతో వాటిని బీరువాలో పెట్టి తాళం వేసే పద్ధతి వల్ల ఎంతమంది టీచర్లు ఎన్ని అవకాశాలు పోగొట్టుకున్నారో నాకు తెలుసు. మనిషిని సర్టిఫికెట్‌తో కట్టేయకూడదు.

ఎంచుకున్నాక ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. పీరియడ్లు, సమయం, జీతం, ఏ తేదీన ఇస్తారు, సెలవులు, మానేయాలంటే రెండువైపులా నెల ముందు చెప్పాలని. బడిలో పనిచేసేవాళ్లు 20 మంది, అంతకు పైన ఉంటే పీఎఫ్ వర్తిస్తుంది, పార్ట్‌టైమ్ అని చెప్పి ఆ లెక్కలోంచి తీసేయకండి, మీ ఆడిటర్ని అడగండి.

అదే రోజు సాయంత్రం రెండు పనులు మిగులుతాయి. గ్రూపులన్నిటిలో "పోస్టు భర్తీ అయింది, సాయం చేసినవారికి ధన్యవాదాలు" అని పెట్టడం, టైలరు షాపు దగ్గరా, పాల బూత్ దగ్గరా కాగితాలు తీసేయడం. తర్వాత డెమోకి వచ్చి ఎంపిక కానివాళ్లకి ఒక్కొక్కరికీ మీరే ఫోన్ చేయండి. రెండో స్థానంలో నిలిచిన ఆవిడకి మాత్రం "ఈసారి కుదరలేదు, మీ నంబరు మా దగ్గరే ఉంచుకోవచ్చా?" అని అడగండి. పోయిన నవంబరులో మా డ్రాయింగు మాస్టారికి కాలు విరిగినప్పుడు నేను ప్రకటన వేయలేదు, నోటుబుక్కు తెరిచి ఆ నంబరుకి చేశాను, మర్నాడు 9.15కి ఆవిడ క్లాసులో ఉన్నారు.